ప్రమాదమను మాట

వార్తాపత్రిక తెఱచినంతనే ప్రతిదినము మన కంటబడు మాట యొకటి కలదు: రోడ్డు ప్రమాదము. ఈ మాటను మనము పిడుగుపాటుతోను వరదతోను చేర్చి, ఎవ్వరి చేతిలోను లేని యాపదగా భావించుట కలవాటుపడితిమి. చిన్నతనమున మా తండ్రిగారు మాచేత అమరకోశము వల్లె వేయించునపుడు ఈ పదమునకు చెప్పిన యర్థము వేఱు. ప్రమాదమనగా అనవధానత, తెలుగున ఏమఱుపాటు. ఆపద యనునది ఆ యేమఱుపాటునకు ఫలము. కాలక్రమమున ఫలమునకు కారణము పేరే నిలిచి, కారణము మఱుగునపడినది. మాట తన నోట తానే నేరము నొప్పుకొనుచుండగా, ఆ మాటతోడనే మనము నేరమును కప్పుచున్నాము.

వార్త వ్రాయు తీరును గమనింపుడు. 'కారు అదుపు తప్పి యిద్దఱిని బలిగొన్నది' అందురు. ఈ వాక్యమున కర్త కారు. నడిపినవాడు వాక్యములో నెక్కడను లేడు. చేసినవానిని విడిచి పనిముట్టును కర్తగా నిలుపుట వ్యాకరణమున నొక చమత్కారమే కావచ్చును గాని, పోయినవారి యింటిలో నది చమత్కారము కాదు. కత్తి అదుపు తప్పి గొంతు కోసెనని యెవ్వరును వ్రాయరు గదా! కేంద్రప్రభుత్వమువారు ప్రకటించిన లెక్కలనుబట్టి 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి 71 మంది మరణములు మితిమీఱిన వేగమువలన కలిగినవని ఆ లెక్కలే చెప్పుచున్నవి. అనగా దాదాపు లక్షా యిరువదివేల మంది. వీరందఱును విధివశమున పోయిరనుటకు మాకు నోరాడదు.

ఈ యలవాటు నేటిది కాదు. 1896 ఆగస్టు 17వ తేదీని లండను నగరమున క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణములో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను నిల్లాలు, కూతురు వెంటరాగా నడచుచుండి, మోటారుబండి తగిలి మరణించెను. బ్రిటను దేశమున మోటారుకారు తగిలి మరణించిన తొలి పాదచారి యామెయే యందురు. తోలినవాడు గంటకు నాలుగు మైళ్ల వేగమున వచ్చితిననెను; చూచినవారిలో నొకరు మంచి గుఱ్ఱము దౌడుతీసినంత వేగమనిరి. యాదృచ్ఛిక మరణమని జూరీవారు తేల్చిరి. ఎవ్వరిమీదను నేరము మోపబడలేదు. ఇట్టిది మరల జరుగకుండుగాక యని విచారణాధికారి పలికెనట.

మా యింటివారు ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము, గణితము చెప్పుదురు. ఏటేట తొమ్మిదవ తరగతి పిల్లలచేత ఒక లెక్క చేయింతురు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి యొక సెకనులో సుమారు 14 మీటర్లు సాగును. ఎదుట మనిషి కనబడి, కాలు బ్రేకుమీదికి పోవుటకు ఒక సెకను పట్టినయెడల, బ్రేకు తగులకముందే ఆ 14 మీటర్లు గడచిపోవును. తగిలిన పిదప, రోడ్డు పొడిగా నుండి బ్రేకు మంచిదైనచో, నిలుచుటకు ఇంకొక 14 మీటర్లు. ఇప్పుడు వేగమును రెట్టింపు చేయుడు. మొదటి పాలు రెట్టింపై 28 అగును. రెండవ పాలు మాత్రము రెట్టింపుతో తనివినొందదు; నాలుగు రెట్లై 56 అగును. మొత్తము 84 మీటర్లు. ఈ లెక్కకు నూటికి నూఱు మార్కులు తెచ్చుకొన్నవాడే, పదేండ్లు గడచిన పిమ్మట, అది తనకు వర్తింపదనుకొని బండి తోలును.

'ఒక్కసారిగా అడ్డము వచ్చినది, నేనేమి చేయుదును' అని తోలినవాడు చెప్పును. వాని మాట కొంతవఱకు నిజము. మనిషి కనబడిన క్షణమున వాని చేతిలో నేమియు మిగిలియుండదు. తీర్పు అంతకు పది నిమిషముల ముందే, పాదము యాక్సిలరేటరును నొక్కినపుడే, జరిగిపోయినది. ఒక్కొక్కచో అంతకంటెను ముందు, తాళముచెవి చేతి కిచ్చిననాడే జరిగినది.

చట్టము దీనిని ఎట్లు చూచునో కొంచెము చెప్పుదుము. మన శిక్షాస్మృతి 1860లో పుట్టినది. చంపవలెనను తలంపు లేక, దుడుకుతనముచేత గాని అజాగ్రత్తచేత గాని ప్రాణము తీసినవానికొఱకు 1870లో 304ఎ అను సెక్షనును చేర్చిరి. గరిష్ఠశిక్ష రెండేండ్ల చెఱ. నూటయేబదియేండ్లకు పైబడి ఆ రెండేండ్లే నడచినవి. 2024 జూలై 1వ తేదీని భారతీయ న్యాయసంహిత అమలునకు వచ్చినది మొదలు, 106వ సెక్షనుక్రింద అది అయిదేండ్లైనది. గుద్ది, పోలీసువారికి గాని మేజిస్ట్రేటునకు గాని తెలుపక పాఱిపోయినవానికి పదేండ్లవఱకు శిక్ష యని అందే వ్రాసిరి గాని, 2024 జనవరిలో లారీ డ్రైవర్లు అలజడి చేయుటచే సంహిత అమలైననాడు ఆ భాగమును మాత్రము నిలిపియుంచిరి. లారీవారి భయము బొత్తిగా నిరాధారమని మేమనము. ఆగినవానిని జనులు చావగొట్టుటయు మన దేశమున నున్నదే.

చంపవలెనని చేసినది యొక మెట్టు. చావు కలుగవచ్చునని యెఱిగియు చేసినది రెండవ మెట్టు. ఏమగునులే యని తెగించియో, ఏమఱియో చేసినది మూడవ మెట్టు. వేగముగా తోలి ప్రాణము తీసినవానిని కోర్టులు తఱచుగా మూడవ మెట్టుననే నిలుపును. 2006 నవంబరు 12వ తేదీ తెల్లవాఱుజామున ముంబయి బాంద్రాలో కార్టరు రోడ్డున, కాలిబాటమీద నిద్రించుచున్న కూలివారిమీదికి కారెక్కి యేడుగురు మరణించిరి. క్రింది కోర్టు మూడవ మెట్టున నిలిపి ఆఱు నెలలు వేసినది. హైకోర్టు రెండవ మెట్టున కెక్కించి మూడేండ్లు వేసినది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు దానిని ఖాయపఱచినది. త్రాగి, దుడుకుగా, మనుష్యులు పండుకొను చోట తోలినవాడు 'నాకు తెలియదు' అని తప్పించుకొనజాలడని దాని సారము. ఏడు ప్రాణములకు మూడేండ్లు చాలునా యని మీరడుగుదురు. మేమును అడుగుకొంటిమి. శిక్ష కాలమును కొలుచుట న్యాయమూర్తులకు విడిచిపెట్టుదము. మాకు తోచిన కొఱత వేఱు: చట్టము స్టీరింగు పట్టిన చేతులనే చూచును, ఆ చేతుల వెనుకనున్న యింటిని అరుదుగా చూచును.

పూర్వులు చూచిరి. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున బండ్లు తగిలిన వ్యవహారమునుగూర్చి యొక చిన్న ప్రకరణము కలదు. మనువు స్త్రీలనుగూర్చి పలికిన పలుకులలో మాకు సమ్మతము కానివి పెక్కులు. అవి చదివి పుస్తకము మూసివేసిన దినములును కలవు. అయినను ఈ ప్రకరణము మోటారులుగల యిండ్లవారందఱును చదువదగినది. ఎద్దు ముక్కుత్రాడు తెగినను, కాడి విఱిగినను, ఇరుసు గాని చక్రము గాని విఱిగినను, తొలగుడని కేకవేసిన పిమ్మట హాని జరిగినను దండన లేదట. తోలువాని నేర్పులేమిచేత బండి దారితప్పి హాని చేసినచో దండన యజమానునికి, రెండువందల పణములు. తోలువాడు నేర్పరియై యుండి హాని చేసినచో దండన వానికే. నేర్పులేనివాడు తోలు బండిలో కూర్చున్నవారికిని తలకొక నూఱు!

బండిలో కూర్చున్నవారు! ఇచ్చట మేము పుస్తకము దింపి కొంతసేపు ఊరకుంటిమి. నేటి చట్టము ప్రక్కసీటువారిని సామాన్యముగా నేమియు నడుగదు. మన యిండ్లలో నేమి జరుగుచున్నదో మనకు తెలియును. హైదరాబాదునుండి విజయవాడకు మూడు గంటలలో వచ్చితినని కుమారుడు చెప్పగా తల్లి దిష్టి తీయును. మీటరును నూటనలువది దాటించితినని మఱది చెప్పగా వదినలు కన్నులు విప్పి విందురు. ప్రక్కన కూర్చుండి, గుండె చేతబట్టుకొని, 'మెల్లగా' అను మాటను గొంతులోనే మ్రింగుకొను భార్య లెందఱో! పలికినచో 'నీకేమి తెలియును' అను జవాబు సిద్ధముగా నుండును. తెలియవలసినదంతయు మీటరు చెప్పుచునే యున్నది. దానికి వేఱే శాస్త్రజ్ఞాన మక్కఱలేదు. ఇప్పుడు మన స్త్రీలును కార్లు తోలుచున్నారు. సంతోషమే. తోలువారెవరైనను లెక్క యొక్కటే.

పసివాడు చేసిన తప్పెవరిది? ఆదిపర్వమున మాండవ్యుని కథ కలదు. చేయని దొంగతనమునకు కొఱ్ఱు నెక్కిన ఆ ముని, ఏ పాపమునకు నాకీ బాధ యని యముని నడిగెను. చిన్ననాడు నీవు పురుగులను పుల్లలతో గ్రుచ్చితివి, దాని ఫలమిది యని యముడు చెప్పెను. తెలియని ప్రాయమున చేసిన యల్పమైన తప్పునకు ఇంత దండనయా యని ముని కోపించి, పదునాలుగేండ్లు నిండువఱకు చేసినది పాపముగా నెంచబడదని కట్టడి చేసి, యముని భూలోకమున విదురుడై పుట్టుమని శపించెను. బాలురయెడల దయ చూపుట మన పురాణమునకు క్రొత్త కాదు. కాని మునికుమారుని చేతనున్నది పుల్ల. నేటి బాలుని చేతికి మనమిచ్చునది వేయి కిలోల యినుము. ఈ భేదమును గ్రహించియే కాబోలు 2019లో మోటారు వాహనముల చట్టమున 199ఎ అను సెక్షనును చేర్చిరి. బాలుడు బండి తోలి నేరము చేసినయెడల సంరక్షకుడో బండి యజమానుడో దోషి. మూడేండ్లవఱకు చెఱ, ఇరువదియైదువేల రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషను ఒక యేడాది రద్దు. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు లేదు. తన యెఱుకలేక జరిగినదని గాని, జరుగకుండ తగిన జాగ్రత్త పడితినని గాని ఋజువు చేసికొన్నచో పెద్దలకు మినహాయింపు.

2024 మే 19వ తేదీ తెల్లవాఱుజామున పుణె కల్యాణినగరులో, పదునేడేండ్ల బాలుడు తోలుచుండెనని పోలీసులు చెప్పిన కారు మోటారుసైకిలును గుద్ది, యిద్దఱు యువ యింజనీర్లు మరణించిరి. ఒకడు యువకుడు, ఒకతె యువతి. ఆ దినముననే బాలుని జామీనుమీద విడిచి, రోడ్డు ప్రమాదములనుగూర్చి మూడువందల మాటల వ్యాసము వ్రాయుమని షరతు పెట్టిరి. దేశమంతయు దానికి మండిపడినది. మా మనస్సున నాటినది మాత్రము పిమ్మట వచ్చిన యారోపణ. ఆస్పత్రిలో బాలుని రక్తమునకు మాఱుగా తల్లి రక్తమును పరీక్షకు పెట్టిరని పోలీసువా రామెనుగూడ అరెస్టు చేసిరి. అది నిజమో కాదో న్యాయస్థానము తేల్చవలసినది, మేము తేల్చము. విన్ననాడు మాత్రము మాకు ఆశ్చర్యముకంటె భయమే యెక్కువ కలిగినది. అట్టి గడియ వచ్చినపుడు ఏ తల్లి యెచ్చట నిలుచునో యెవ్వరు చెప్పగలరు?

ఇంత ఆలోచన మా తలకెక్కుటకు హేతువగు సంగతి నిక చెప్పవలెను. మా యూరిని రెండుగా చీల్చుచు నాలుగు వరుసల పెద్దరోడ్డు పోవును. ఇవతల పాఠశాల, అవతల పేట. దాటుటకు వంతెన లేదు, దీపము లేదు. రోడ్డు కట్టినవారిని నిలబెట్టి యడుగవలసిన దినమొకటి రావలెనని మా యభిప్రాయము. నిరుటి కార్తీకమాసమున నొకనాటి సంధ్యవేళ, పాఠశాలలో మధ్యాహ్నభోజనము వండు నామె, గిన్నెలు తోమి, మఱునాటికి బియ్యము బాగుచేసి పెట్టి, ఇంటికి పోవుటకు ఆ రోడ్డు దాటుచుండగా కారు తగిలి మరణించెను. భర్త అంతకుముందే పోయినాడు. ఇద్దఱు కూతుండ్రు, ముసలి యత్త. కారు కొంతదూరమున ఒక్క నిమిషమాగి, మరల సాగిపోయినదని పెట్రోలుబంకు కెమెరా చూపినది. మఱునాడు మధ్యాహ్నమున, తోలినవాడు వకీలును వెంటబెట్టుకొని స్టేషనునకు వచ్చినాడు. ఇరువదిమూడేండ్లవాడు. మా యింటివారికడ చదివినవాడే. గణితమున నెప్పుడును వానిదే పైచేయి.

పండ్రెండవనాడు వాని తల్లి మా యింటికి వచ్చినది. కన్నులు వాచియున్నవి. కూర్చుండుమనగా కూర్చుండలేదు.

"వదినగారూ, మావాడు కావలెనని చేసినాడా? మీరే చెప్పుడు. చీమనుగూడ త్రొక్కనివాడు. మాస్టారుగారు ఎఱుగరా వానిని?"

ఆమె కోరినవి రెండు. పిల్లవాడు సత్ప్రవర్తన గలవాడని మా యింటివారొక యుత్తరము వ్రాసి యియ్యవలెను. రెండవది, పేటకు పోయి యా యింటివారితో మాటలాడవలెను. "మాస్టారుగారి మాటయన్న వారికి గురి. ఎంత కావలసిన నంత యిత్తుము. ఇన్సూరెన్సువారును ఇత్తురు గదండీ."

మొదటిది నిజము గనుక వ్రాసియిత్తునని మా యింటివారు చెప్పిరి. రెండవది తనవలన కాదనిరి. ఈ నేరము ఇరుపక్షములు కూడి రాజీపడదగిన నేరముల పట్టికలో లేదు. సాక్షులు మాట మార్చుటచే కేసు వీగిపోవుట మాత్రము లోకమున నున్నదే. ఆమె కోరుచున్నది అదియే యని ఆమెకును తెలియును, మాకును తెలియును. ఆ మాటను ఎవ్వరమును పైకనలేదు.

మేము ఒక్కటి యడిగితిమి. "అబ్బాయి ఆ యింటికి పోయివచ్చినాడా, వదినగారూ?"

"అయ్యో! వకీలుగారు వలదనిరండీ. పోయినచో తప్పొప్పుకొన్నట్లగునట."

వకీలు చెప్పినది తప్పు కాదు. నేరారోపణకు గుఱియైనవానిని తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యమిమ్మని నిర్బంధింపరాదని మన రాజ్యాంగము 20వ యధికరణమున చెప్పుచున్నది. ఆ రక్షణ లేనిచో బీదవానిచేత చేయని నేరమును పలికించుట యెంత పని! కాని నిర్బంధింపరాదనుట వేఱు, తనంత తాను పోరాదనుట వేఱు. చట్టము చూపిన రక్షణను మనము ధర్మముగా భావించుచున్నాము; చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఆమె పోయిన పిమ్మట మాకు దశరథుని కథ మనస్సున మెదలినది.

రాముడడవికి పోయిన యాఱవ రాత్రి దశరథుడు కౌసల్యతో చెప్పిన కథ యది. యువరాజై యున్న దినములలో, శబ్దమునుబట్టి కొట్టగలవాడను కీర్తికి మురిసిపోయిన కుమారుడు, వానకాలపు రాత్రి సరయువు నొడ్డున పొంచి, కుండ మునుగు చప్పుడును ఏనుగు నీరు త్రాగు చప్పుడనుకొని బాణము వేసినాడు. కనబడనిదానిమీద కొట్టుటయే యా విద్యలోని గొప్ప. దానికి తగిలినది గ్రుడ్డి తల్లిదండ్రులకొఱకు నీళ్లు ముంచుకొనుచున్న బాలుడు. రాజు చంపవలెనని చేయలేదు. మా యింటికి వచ్చిన తల్లి యడిగిన ప్రశ్న దశరథుని తల్లియు అడిగియుండవచ్చును. అచ్చట సాక్షి లేడు, చీకటి, రథమెక్కి పోవచ్చును. ఆతడు పోలేదు. ఆ కుండనే నింపుకొని, అడుగుల చప్పుడు విని కొడుకే వచ్చెననుకొన్న యా తల్లిదండ్రుల యెదుట నిలిచి, నేను మీ కుమారుడను కాను, ఇట్లు చేసితినని తన నోట తాను చెప్పినాడు. ముని యేమన్నాడు? నీవే వచ్చి చెప్పకున్నచో నీ తల వేయి వ్రక్కలై యుండెడిది. తెలియక చేసితివి గనుక బ్రదికితివి అన్నాడు. తెలియక చేసినదానికి ప్రాణము దక్కినది. అయినను చేసినది చేసినదే గనుక శాపము తప్పలేదు. నేటి న్యాయవాదు లిద్దఱు మూడు సంవత్సరములు వాదించు విషయమును ముని రెండు మాటలలో తేల్చినాడు.

ఈ కథను మేమామెకు చెప్పలేదు. పుత్రశోకపు శాపమున్న కథను, బిడ్డ జైలునకు పోవునేమో యని వణకుచున్న తల్లికి చెప్పుట క్రౌర్యము. రెండు దినములకు ఆమె మరల రాగా, "అబ్బాయి పోకున్న పోనిండు, మీరు రండు, మేమును తోడు వచ్చెదము" అంటిమి. చాలసేపు నేలచూపులు చూచి, సరేయన్నది. ఇంటిలో మగవారికి తెలియనీయలేదు.

పేటలో ఆ యిల్లు రెండు గదులది. ముసలామె అరుగుమీద కూర్చుండియున్నది. వచ్చినదెవరో మేము చెప్పితిమి. కేకలు వేయుననుకొంటిమి, వేయలేదు. కొంతసేపటి కామె యడిగినది:

"అమ్మగారూ, పోవునప్పుడు మా కోడలు నీళ్లడిగినదా అండీ?"

తల్లి మామొగము చూచినది. దానికి జవాబు తెలిసినవాడొక్కడే. వాడు కారు దిగలేదు.

గాయపడినవారిని వైద్యునికడకు చేర్చుట డ్రైవరు విధియని మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను విధించుచున్నది. జనులు మీదబడుదురను భయమున్నచో దానికి మినహాయింపును కలదు. ఆ సంధ్యవేళ ఆ రోడ్డున జనులు లేరు. దారిన పోవువాడు దయతలచి గాయపడినవారిని చేర్చినయెడల అతనిని కేసులలోనికి లాగరాదని 2019లో 134ఎ అను సెక్షనును గూడ చేర్చియున్నారు. ఇది మన సోదరీమణు లందఱును తెలిసికొని, ఇంటిలోని పిల్లలకు చెప్పదగినది. ఆగినచో చిక్కులు వచ్చునను భయముచేతనే లోకమున సగము మంది ముఖము త్రిప్పుకొని పోవుచున్నారు.

తల్లి తెచ్చిన నోట్లకట్ట అరుగుమీద పెట్టినది. ముసలామె దానిని ముట్టలేదు, కాదనలేదు. వచ్చినవారికి మర్యాద చేయవలెనని యెవ్వరు చెప్పిరో, చిన్నపిల్ల రెండు గ్లాసులతో నీళ్లు తెచ్చి మా యిద్దఱి యెదుట పెట్టినది. మేము త్రాగితిమి. ఆ తల్లి గ్లాసు పట్టుకొనియే యుండెను. వచ్చునపుడు ఆ కట్టను ముసలామెయే ఆమె చేతిలో పెట్టి పంపినది.

ఇన్సూరెన్సుమాట యొకటి మిగిలినది. పరులకు కలుగు నష్టమునకు బీమా చేయకుండ మోటారుబండి రోడ్డెక్కరాదని మన దేశమున 1939 నాటి చట్టమే చెప్పినది; 1988 నాటి చట్టమున అది 146వ సెక్షను. దీని యుద్దేశ్యము ఉత్తమమైనది. తోలినవాడు బీదవాడైనను నష్టపోయినవారికి పరిహారము దక్కును. కాని దీని రెండవ ప్రక్కనుగూడ చూడవలెను. లైసెన్సును బీమా కాగితములును సరిగా నున్నవానికి, ఒక ప్రాణమునకు వెలగా తన పెట్టెలోనుండి తీయవలసినది తఱచుగా నేమియు నుండదు. ఎవ్వరికిని తగులకుండ వేగముగా పోయి పట్టుబడినచో కారునకు జరిమానా వేయి మొదలు రెండువేల రూపాయలవఱకు. మంచి పట్టుచీర యంచునకు చాలదు.

పరిహారపు దరఖాస్తును ఆఱు నెలలలోగా పెట్టవలెనని 2019 నాటి సవరణమున నున్నది. అందుచేత మా యింటివారును మేమును ఆ పిల్లలచేత దరఖాస్తు వ్రాయించుటకు కూర్చుంటిమి. మృతురాలి వృత్తి, నెలసరి ఆదాయము అని రెండు గడులున్నవి. వంట పనికి ప్రభుత్వమువా రిచ్చు గౌరవవేతనము నెలకు మూడువేలు. పెద్దపిల్ల దానిని వ్రాసి, కలము దింపబోయినది. మేము ఆపితిమి.

2014లో ఢిల్లీలో మోటారుసైకిలుమీద పోవుచున్న దంపతులు కారు గుద్ది మరణించిన కేసున, 2021 జనవరి 5వ తేదీని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అందు మన తెలుగువారగు జస్టిస్ ఎన్. వి. రమణగారు ఇల్లాలి పనినిగూర్చి ప్రత్యేకముగా వ్రాసిరి. ఇంటిపనిలో మన దేశపు స్త్రీ సగటున దినమునకు 299 నిమిషములు గడపుచుండగా పురుషుడు 97 నిమిషములు గడపుచున్నాడని 2019 నాటి ప్రభుత్వ సర్వే లెక్కను అందు చూపిరి. జీతములేని పనియైనను అది పనియే యనియు, పరిహారము కట్టునపుడు దానికి వెల కట్టవలెననియు తేల్చిరి. ఆ తీర్పు చదివిననాడు మేము సంతోషించితిమి. చచ్చిన పిమ్మట గాని మన పనికి వెల తెలియదా యని పిమ్మట నవ్వుకొంటిమి.

'వంట పని, మఱియు గృహకృత్యములు' అని వ్రాయుమంటిమి. గృహకృత్యములన నేమేమని పెద్దపిల్ల యడిగినది. నీవే చెప్పుమంటిమి. నాలుగు గంటలకు లేచి కుళాయికడ నీళ్లు పట్టుట. నాయనమ్మకు కాళ్లు తోమి నూనె పట్టించుట. చెల్లెలికి జడ వేయుట. సంఘపు అప్పునకు వాయిదా కట్టుట. వానకు ముందు పైకప్పు రేకులమీద రాళ్లు సర్దుట. చిన్నపిల్ల నడుమనడుమ తప్పులు దిద్దుచుండెను. అయిదవదానికే గడి నిండినది. మా యింటివారు లేచి, ఇంకొక కాగితమునకు అంచు మడిచి తెచ్చి, దరఖాస్తునకు జతచేసి, గడిలో 'అనుబంధము చూడుడు' అని వ్రాయించిరి.